కుడివైపు నాది

ఎస్టిమేట్ కాగితం మీద
పందొమ్మిది వేల నాలుగు వందలు.
లేబర్ అని చివర్న విడిగా ఒక గీత,
దాని పక్కన సున్నాలు గుండ్రంగా, శ్రద్ధగా రాశాడు
హబ్సిగూడ సర్వీస్ సెంటర్ కుర్రాడు.
ఏసీ గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాడు.
అద్దం అవతల లిఫ్టు మీద
నా పాత శాంట్రో
నాలుగు కాళ్లూ వేలాడేసుకుని
పశువుల ఆసుపత్రిలో మేకలా ఉంది.

"ఆలోచించి చెప్తా" అన్నాను.
ఆ మాటకి అర్థం వాడికీ తెలుసు.

వకుళ నడుముకి ఆపరేషనై ఐదు నెలలు.
గుంత కనబడగానే ఆమె చెయ్యి
తలుపు పైనున్న పట్టీ మీదికి పోతుంది,
నా కాలు బ్రేకు మీదికి పోయేలోపే.
మా సందు నుంచి తార్నాకలో ఫిజియోథెరపీ దాకా
పదిహేడు గుంతలు, ఆరు స్పీడ్ బ్రేకర్లు,
వాటిలో రెండింటికి తెల్లగీత కూడా లేదు.
ఒక్కసారీ అబ్బా అనదు.
అనకపోవడం నాకు వినిపిస్తుంది.

రాణిగంజ్‌లో ముందు షాకులు కొన్నాను, జత.
బేరమాడితే రెండు బుష్షులు ఊరికే పడేసి
"ఎవరు బిగిస్తున్నరు?" అన్నాడు కొట్టాయన.
"నేనే."
ఆయన నా గోళ్లు చూశాడు.

ఆదివారం, అపార్ట్‌మెంట్ సెల్లార్.
వాచ్‌మన్ మల్లేశం టార్చి పట్టాడు,
నాక్కావలసిన చోట కాదు,
తనకి చూడాలనిపించిన చోట.
తుప్పుపట్టిన బోల్టుకి కిరోసిన్ పోశాను,
బతిమాలాను, తిట్టాను,
స్పానర్ చివర ఇనప పైపు తొడిగి వేలాడాను.
కిర్రుమంది.
ఇరవై రెండేళ్ల ఆఫీసులో
నా మాటకి ఎవరూ అంత స్పష్టంగా బదులివ్వలేదు.

స్ప్రింగు సంగతి మాత్రం
వీడియోలో చూసినట్టు లేదు.
అద్దెకి తెచ్చిన కంప్రెసర్‌కి రెండు కొక్కేలు.
ఒకటి జారింది.
చప్పుడు ముందో, స్తంభం పెచ్చు రాలింది ముందో!
మల్లేశం చెవి పక్కనుంచి పోయింది.
టార్చి కిందపడి దొర్లి, గోడకి తగిలి ఆగింది.
చాలాసేపు
ఎవరమూ దాన్ని ఎత్తలేదు.

మధ్యాహ్నం మూడింటికి కుడివైపు అయింది.
వణుకుతున్న చేతుల్తోనే బిగించాను.
చెప్పినంత బిగువు, ఆపైన
భయం కొద్దీ ఇంకో పావు తిప్పు.

ఎడమవైపు
ఆమె కూర్చునే వైపు.

కొత్త షాకూ పాత స్ప్రింగూ గోనెసంచిలో చుట్టి
ఆటోలో ఒళ్లో పెట్టుకుని
వారాసిగూడ, ఖలీల్ భాయ్ దగ్గరికి.
నేనేమీ చెప్పకముందే
నా మొహం చూసి
"స్ప్రింగ్‌తో మజాక్ నక్కో సాబ్" అన్నాడు.
ఆయన ఎడమచేతి చూపుడువేలు సగమే ఉంది.
పదకొండు నిమిషాలు.
మూడు వందల యాభై.
ఆ కుర్రాడు రాసిన సున్నాలు గుర్తొచ్చాయి,
వాటి లోపల ఏముంటుందో ఇప్పుడు కొంచెం తెలుసు.

"రెండోది తేలే?"
"అది నా వైపుది."
ఆయన నవ్వలేదు.
"వారం ఆగి బండి తీస్కరాండ్రి, పైన నట్టు చూస్త."

నేనింకా పోలేదు.

వీల్ అలైన్‌మెంట్‌కి ఎలాగూ హబ్సిగూడే పోవాలి,
పోయాను. అదే కుర్రాడు.
ఈసారి కాఫీ లేదు.

వానలు పడ్డాయి. గుంతలిప్పుడు ఇరవై మూడు.
ఎడమవైపు ఏ చప్పుడూ లేదు.
కుడివైపు మాత్రం టక్.
"ఆ టక్కు ఏంటి?" అంది వకుళ.
"నేను" అన్నాను.
ఇంకేమీ అడగలేదు.

సీతాఫల్‌మండి వంతెన దిగుతుంటే చూశాను,
పట్టీ ఖాళీగా ఊగుతోంది.
ఆమె ఒళ్లో బత్తాయి ఒలుస్తోంది.
ఒక తొన నా నోటికి అందించబోయి,
ముందున్న గుంత చూసి
ఆగి,
దాటాక పెట్టింది.